పాత్రత ఎవరి గుణము?

బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయము మొదటి పాదములో ఒక సూత్రము కలదు. ఈ లోకమును ఈశ్వరుడే సృజించెనేని, ఒకనికి సుఖమును మఱియొకనికి దుఃఖమును పంచిపెట్టిన పక్షపాతదోషమును, ఇంతటి దుఃఖమును చూచియు చలింపని నిర్దయాదోషమును ఆయనకు అంటవా అను ప్రశ్నకు అది సమాధానము. శంకరభగవత్పాదులు ఆ సూత్రమునకు భాష్యము రచించుచు చేనిలోనికి దిగి ఒక దృష్టాంతము నిచ్చిరి. ఈశ్వరుని పర్జన్యునివలె భావింపవలెననియు, వరికిని యవలకును వాన సాధారణకారణమే యైనను వరి వరిగాను యవలు యవలుగాను వేఱువేఱుగ పెరుగుటకు కారణము ఆయా బీజములలోనే యున్న అసాధారణసామర్థ్యములనియు, అట్లే జీవుల వైషమ్యమునకు వారి వారి కర్మలే హేతువులు కాని ఈశ్వరుడు కాడనియు ఆ వాక్యముల తాత్పర్యము.

ఈ దృష్టాంతమును చదివినప్పుడెల్ల నాకు ముందుగ కలుగునది గౌరవము. జగత్తులోని న్యాయాన్యాయములను విచారించు ఘట్టమున అంతటి దార్శనికుడు తడిసిన దుక్కిని సాక్ష్యమునకు పిలిచినాడు. దాని వెనువెంటనే కలుగునది ఒక ఆకాంక్ష. ఏ విషయమునందు లౌకికుని బుద్ధియు పరీక్షకుని బుద్ధియు సమానముగ నుండునో అదియే దృష్టాంతమని న్యాయసూత్రకారుడగు గౌతముడు నిర్వచించెను; కావున చేనిని దృష్టాంతముగ గైకొన్న వాదము చేనిని దున్నువాని అనుభవమునకును, చేనిని శోధించువాని జ్ఞానమునకును ఎల్లకాలము కట్టుబడి యుండవలెను. బీజముల సామర్థ్యమును గూర్చి ఇటీవలి తరములలో పరీక్షకులు తెలిసికొన్నది చాల కలదు. ఆ తెలిసినదానిని వెంటబెట్టుకొని భాష్యకారుల చేనిలోనికి మఱల నడచి చూడవలెనని నా కోరిక. అయితే వానను విడిచి మఱియొక దానమును, అనగా భాస్వరమును, ఇచట పరీక్షకు పెట్టెదను.

వానను విడుచుటకు కారణము లేకపోలేదు. వాన కురిసినచోట ఇంకును, ఇంకినచోట వేరు త్రాగును. దానిని అందుకొనుటకు బీజము పడిన శ్రమ మన కన్నులకు ఆనదు. భాస్వరము అట్టిది కాదు. ప్రాణివ్యాపారములలో అది పాల్గొనని వ్యాపారము లేదు. తల్లిదండ్రుల లక్షణములను సంతతికి అందించు డి.ఎన్.ఏ. గొలుసులో లంకెకు లంకెను కూర్చునది ఫాస్ఫేటు. ఆకు సూర్యరశ్మినుండి సంగ్రహించిన శక్తి కణములో చోటునుండి చోటికి సాగుట ఏ.టి.పి. అను ఫాస్ఫేటుసమ్మేళనము చేతనే. పెరిగిన మనుష్యుని దేహములో సుమారు 700 గ్రాముల భాస్వరముండగా దానిలో అధికభాగము ఎముకలలోను దంతములలోను కుదురుకొని యున్నది. 1669లో హాంబర్గు నగరమున హెన్నిగ్ బ్రాండ్ అను రసవాది బంగారమును వెదకుచు మనుష్యమూత్రమును మరగించి, చీకటిలో వెలుగు ఈ పదార్థమును కనుగొనెను. ఇంతటి ముఖ్యధాతువు మంటిలో బొత్తిగ లేకపోవుట అరుదు. ఒక హెక్టారు చేనిలో నాగలి పోవు లోతువఱకు గల మంటిలోనే అది వందల కిలోలుండును. అయినను పైరు దానిలేమిచే కృశించుచుండును. ఎర్రనేలలలో ఇనుమును అల్యూమినియమును, సున్నము మెండుగ గల నల్లరేగడిలో కాల్షియమును దానిని బిగియబట్టి విడువవు. రైతు పైనుండి వేసిన సూపర్ ఫాస్ఫేటునకును డి.ఏ.పి.కిని కూడ ఈ గతియే. వేసినదానిలో తొలి పంట అందుకొనునది సాధారణముగ నాలుగవ వంతునకు మించదు, తక్కినది మంటితో కలిసి నానాటికి గట్టిపడును. మంటితేమలో కరిగియున్న కొలదిపాటి ఫాస్ఫేటు సహితము నీటితో పాఱి వేరును చేరునది కాదు. పంటకాలమంతటిలో అది జరుగు దూరము కొన్ని మిల్లీమీటర్లే. వడ్డించిన విస్తరి ముందు కట్టువడిన చేతులతో కూర్చుండినవాని ఆకలి వంటిది ఈ నేలలలో పైరుల ఆకలి.

దాత ఇచ్చెను, దానము చేరువనే యున్నది, గ్రహీతకు మాత్రము అందలేదు. మతములన్నియు ఏదో యొక నాడు ఎదుర్కొన్న చిక్కు ఇదియే. భగవదనుగ్రహము సర్వత్ర వ్యాపించి యున్నదని చెప్పుచునే, అది కొందఱియందే ఫలించుట ఏలయని అడిగినచో పెద్దలు చెప్పు మాట పాత్రత. పాత్రత యనగా నేమి? అది పుట్టుకతో బీజమునందు ముద్రింపబడిన గుణమా, సాధించి తెచ్చుకొన్నదా, లేక మూడవదేదైన కలదా? భాష్యములోని దృష్టాంతము మొదటి అర్థమునకు ఊతమిచ్చునట్లు పైకి కనబడును. భాస్వరము ఏమి చెప్పునో చూతము.

హైదరాబాదు చేరువనున్న పటాన్‌చెరులో 1972లో నెలకొన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ, ఇక్రిశాట్, ఆవరణలో ఒక విశేషము కలదు: ఎర్రనేలయు నల్లనేలయు రెండును ఆ ప్రాంగణములోనే యున్నవి. అచట పనిచేసిన నోరిహారు ఆయె అను జపాను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును భాస్వరపుటెరువు వేయని మంటిలో జొన్న, సజ్జ, మొక్కజొన్న, సోయా, కంది మొదలగు పైరులను పెంచి చూచిరి. ఎర్రమంటిలో తక్కిన పైరులు భాస్వరలేమిచే క్షీణింపగా కంది నిలద్రొక్కుకొని పెరిగెను. ఇనుముతో ముడివడిన భాస్వరమును కంది ఎట్లు సంపాదించుచున్నదని పరిశీలింపగా, దాని వేళ్ళు పిసిడిక్ ఆమ్లమను ఒక పదార్థమును మంటిలోనికి స్రవించుచున్నవనియు, ఆ ఆమ్లము ఇనుమును తాను పట్టుకొని భాస్వరమును విడిపించుచున్నదనియు తేలెను. 1990లో ఈ వృత్తాంతమును వారు ప్రకటించిరి. నల్లరేగడిలో కందికి ఈ ప్రత్యేకత అక్కఱకు రాదు. అచట శనగ తన వేళ్ళనుండి సిట్రిక్, మాలిక్ ఆమ్లములను విడిచి కాల్షియముతో కూడిన భాస్వరమును కరగించుకొనును. ఎర్రనేలలో ఎరువులేకయే కందిచేను కాయుట మన రైతులు తరతరములుగ చూచినదే. పరీక్షకుడు ఆ చూపునకు హేతువును జోడించెను. గౌతముడు కోరిన బుద్ధిసామ్యము ఇంతకంటె చక్కగ కుదురుట అరుదు.

ఈ వృత్తాంతమునందు నన్ను నిలిపివేసినది ఒక్కటి. కంది మంటిలోనికి విడిచిన ఆమ్లము ఆకు ఎండలో నిలిచి కూడబెట్టిన చక్కెరనుండి పుట్టినది. అది కాయకో గింజకో చేరవలసిన సొత్తు. ఎదుటనుండి ఏమియు రాకమునుపే, వచ్చునను నిశ్చయము లేకయే, ఆ మొక్క తన సొత్తును చీకటిలో మన్నుపాలు చేయుచున్నది. అందుకొనుట యనునది ఇచట ఇచ్చుటతో మొదలగుచున్నది. భాష్యములోని సామర్థ్యమను పదమును చదివినప్పుడు మనము ఊహించునది గింజలో కుదురుగ నిద్రించు ఒక శక్తిని. వాన తాకినంతనే అది మేల్కొనునని తలతుము. కంది వేరుకొనను చూచినవాడు అట్లు తలపజాలడు. అచట సామర్థ్యము ఒక వ్యయము, ఒక సాహసము. పాత్రతను మనము ఇన్నాళ్ళు పాత్ర యను మాటలోని ఖాళీతనముతో ముడిపెట్టి, ఖాళీగ నున్నదే నిండునని బోధించుచు వచ్చితిమి. అందును సత్యము కలదు. కాని ఈ రెండవ సత్యమును విడిచినచో మొదటిది సోమరులకు ఆసరా యగును.

అంతటితో ఆగక మఱియొక మెట్టు దిగవలెను. కందియొక్క సామర్థ్యము ఎర్రనేలలో మాత్రమే సామర్థ్యము. దాని గింజను ఎంత కోసి చూచినను అది అర్హమో అనర్హమో చెప్పుటకు వీలులేదు. ఏ నేల యని ముందుగ అడుగవలెను. బీజము గొప్పదా క్షేత్రము గొప్పదా అను వివాదము మన ధర్మశాస్త్రములకు క్రొత్త కాదు. కొందఱు బీజమును, కొందఱు క్షేత్రమును, కొందఱు రెంటిని ప్రశంసింతురని మనుస్మృతి పదవ అధ్యాయము ఒప్పుకొనుచు, చవిటినేలలో పడిన విత్తు లోపలనే నశించుననియు విత్తులేని నేల వట్టి నేలయే యనియు చెప్పి, తుదకు బీజమునకే ప్రాధాన్యమిచ్చెను. ఆ తీర్పు కులగౌరవమును నిలుపుటకు అక్కఱకు వచ్చినది. చేనికి మాత్రము అది సరిపడదు. వ్యవసాయశాస్త్రము ఈ విషయమున స్మృతికంటె వినయముగలది. ఏ వంగడమునైనను ఒక్కచోట పరీక్షించి తీర్పు చెప్పుటకు అది ఒప్పుకొనదు. అనేకప్రదేశములలో, అనేకసంవత్సరములలో పరీక్షింపుమనును. ఏలయనగా నేలనుబట్టి వంగడముల వరుసయే తలక్రిందులగును. ఇచట మొదట నిలిచినది అచట కడపట నిలుచును.

ఇక వంగడముల స్పందనను గూర్చి. ఒకే పైరులోని రెండు వంగడములను తీసికొని ఊహింపుడు. మొదటిది ఎరువు లేనప్పుడు ఎకరమునకు పది బస్తాలు పండి, భాస్వరము వేసిన పిదప ఇరువది పండెను. రెండవది ఎరువు లేకయే పదునెనిమిది పండి, వేసిన పిదప ఇరువది పండెను. ఎరువునకు స్పందించినది ఏది యని అడిగినచో లెక్క మొదటిదానినే చూపును. రెండవది దాదాపు స్పందింపనిదిగ పట్టికకెక్కును. స్పందన యనునది ఎరువులేని పంటకును ఎరువుగల పంటకును నడుమనున్న భేదమే కావున, లేమిలో ఎంత కుంగినదానికి కలిమిలో అంత స్పందన కనబడును. శాస్త్రజ్ఞులు ఈ మోసమును గుర్తించి, లేమిలో నిలుచు గుణమును దక్షత యనియు, కలిమిని వినియోగించుకొను గుణమును స్పందన యనియు వేఱుచేసి, దక్షతయు స్పందనయు రెండును గలవి, ఒక్కటే గలవి, రెండును లేనివి యని వంగడములను నాలుగు తెగలుగ విభజించిరి. ఈ వివేకము ధర్మవిచారణలో మనకు ఏల లేకపోయెనని నాకు బాధ కలుగును. ఉపన్యాసమునకు కన్నీరు పెట్టినవానిని భక్తుడనియు, చలింపక కూర్చున్నవానిని కఠినుడనియు ఎంత తేలికగ నిర్ణయింతుము! ఆ చలింపనివాడు తన ఎర్రనేలలో ఎవ్వరును వడ్డింపని అన్నమును ఎన్నాళ్ళుగ సంపాదించుకొనుచు బ్రతికెనో అడిగినవారు లేరు.

వరి విషయము దీనికంటె గంభీరమైనది. ఈశాన్యభారత వంగదేశప్రాంతములలో ఔస్ తెగకు చెందిన కసలత్ అను పాతవంగడము కలదు. భాస్వరము లేని నేలలో అది నిలుచుటకు హేతువైన భాగము పండ్రెండవ క్రోమోజోముపై నున్నదని 1998లో మథియాస్ విసువా, యానో అను శాస్త్రజ్ఞులతో కలిసి కనుగొన్నవారిలో పటాన్‌చెరులో కందిని పరిశీలించిన ఆయె కూడ ఉండుట గమనింపదగినది. ఆ భాగములో ఏ జన్యువు ఈ పని చేయుచున్నదో కనుగొనుటకు మఱి పదునాలుగు సంవత్సరములు పట్టెను. దాని కొక కారణము చెప్పుదురు. వరి జన్యువుల నన్నింటిని చదివి ప్రపంచమునకు ప్రమాణముగ నిలిపిన పటము నిప్పాన్‌బరె అను జపాను వంగడముది. ఆ పటములో ఈ జన్యువే లేదు. ప్రమాణగ్రంథములో లేనిదానిని ప్రమాణగ్రంథము నెదుట పెట్టుకొని వెదకిన ఎట్లు దొరకును? ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు కసలత్ యొక్క జన్యుభాగమునే ప్రత్యేకముగ చదివి, 2012లో పీస్టాల్-1 అను పేర దానిని లోకమునకు వెల్లడించిరి. అది లేతమొక్కకు వేళ్ళను త్వరగను విరివిగను పెంచును. చలింపని భాస్వరమును చేరుటకు వేరే నడువవలెను గదా.

ఆధునికవంగడములలో పెక్కింటియందు ఈ జన్యువు లేకపోవుటకు ఎవ్వరును కుట్ర చేయలేదు. వంగడములను ఎన్నుకొను క్షేత్రములలో ఎరువు సమృద్ధిగ నుండెను. సమృద్ధిలో ఈ గుణమునకు పని లేదు. పని లేని గుణమును ఏ కన్నును వెదకలేదు. 1966లో వెలువడిన ఐ.ఆర్.8 మొదలుకొని పొట్టివంగడములు ఎరువును గింజగ మార్చు నేర్పుచే కోట్లజనులను ఆకలినుండి కాపాడినవి. ఆ ఉపకారమును తక్కువచేసి మాటలాడుట కృతఘ్నత. అయినను పరీక్షాక్షేత్రము ఏ తీరుదో విజేత ఆ తీరుదగునను నియమము ఇచట సుస్పష్టముగ వెల్లడియైనది. పాత్రతను నిర్ణయించువాడు తన ఎదుట నిలిచినవానిని మాత్రమే కొలుచుచున్నానని తలచును. నిజమునకు తాను సిద్ధముచేసిన నేలను కూడ ఆ కొలతలో కలుపుచున్నాడు. విద్యాలయములలో, కొలువులలో, గురుపీఠములయెదుట జరుగు యోగ్యతానిర్ణయము లన్నింటియందు ఈ కలుపుట జరుగుచునేయున్నది.

ఇపుడు దృష్టాంతము యొక్క మర్మస్థానమునకు వచ్చితిమి. బీజములోని సామర్థ్యము ఆ బీజముదేనా? గింజలో నున్న భాస్వరములో అధికభాగము ఫైటిక్ ఆమ్లము రూపమున నిలువయుండును. మొలక వేరు తన్ని మంటినుండి సంపాదించుకొనువఱకు దానికి ఆధారము ఆ నిలువయే. గోధుమ మొదలగు పైరులలో ఒకే వంగడపు విత్తనమును రెండుచోట్ల పండించి, భాస్వరము గల చేనినుండి వచ్చిన గింజను లేని చేనినుండి వచ్చిన గింజతో పోల్చి చూడగా, రెండవదాని మొలక తొలినాళ్ళలోనే వెనుకబడుట కనబడినది. వంగడ మొక్కటే, జన్యువు లవియే. భేదము తల్లిమొక్క నిలిచిన నేలది. అనగా బీజసామర్థ్యమని మనము పేరుపెట్టినదానిలో ఒక పాలు గడచిన యేటి చేనిది, ఆ చేనికి ఎరువు వేయగలిగిన లేదా వేయలేకపోయిన రైతుది, వేయలేకపోవుటకు హేతువైన అప్పుది.

కర్మసిద్ధాంతమునకు ఇది బలమా బలహీనతయా? ఒక చూపున బలమే. ఇప్పటి భేదమునకు మునుపటి చరిత్ర కారణమని ఆ సిద్ధాంతము చెప్పును. గింజ అట్లే సాక్ష్యమిచ్చుచున్నది. మొట్టమొదట భేదము ఎట్లు వచ్చెనని అడిగినచో, మొదట చెప్పిన బ్రహ్మసూత్రమునకు తరువాతి సూత్రము సంసారమునకు ఆదిలేదని చెప్పును. విత్తునుండి మొలక, మొలకనుండి విత్తు అను పరంపరలో తొలిది చూపుటకు చేని యందును వీలుకాదు. అయితే రెండవ చూపున ఒక ఇబ్బంది కలుగుచున్నది. శాస్త్రము చెప్పిన కర్మ ఎవడు చేసెనో వానికే ఫలించును. గింజకు మాత్రము దక్కిన లేమి అది చేసిన కర్మకు ఫలము కాదు. తల్లికి జరిగినది బిడ్డయందు పండినది.

ఈ ఇబ్బందిని దాటవేయక ఎదుట నిలుపుటకు కారణము నాకు కలదు. మన సమాజములో శతాబ్దములుగ ఒక క్రూరవాక్యము చెలామణి యగుచున్నది: వాని కర్మ వానిదని. ఆకలిగొన్నవాని యెడ, చదువు నోచనివాని యెడ, ఊరి వెలుపల ఉంపబడినవాని యెడ ఈ మాటను పలికి ఎందఱో పండితులు తమ హృదయమును మూసికొనిరి. సూత్రకారుని ఉద్దేశము అది కాదని దృఢముగ చెప్పగలను. ఆయన ప్రశ్న ఈశ్వరుడు దోషియా యని; కాడని చెప్పుటకు కర్మను ప్రమాణముగ చూపెను. దుఃఖితుని దోషిగ నిలబెట్టి పొరుగువానికి నిద్రపట్టించుటకు ఆ అధికరణము పుట్టలేదు. వైద్యుడు ఈ జ్వరమునకు తాను కారణము కాదని చెప్పుట వేఱు, రోగిని విడిచిపెట్టి పొమ్మనుట వేఱు. బీజము యొక్క లేమిలో తల్లినేలకు పాలున్నదని అంగీకరించిన నాడు ఆ క్రూరవాక్యమునకు దృష్టాంతబలము సడలిపోవును.

అట్లయిన పాత్రాపాత్రవిచారమే వలదా? వలయును. వాన మఱల వచ్చును. భాస్వరము అట్లు వచ్చునది కాదు. అది గాలిలో ఆవిరియై తిరిగి కురియు ధాతువు కాదు; సముద్రగర్భములలో యుగములుగ పేరుకొని శిలయైనదానిని త్రవ్వి తెచ్చుకొనుచున్నాము. రాజస్థానములో ఉదయపురము దాపున ఝామర్‌కోట్ర గని యున్నను మన అవసరమునకు అది చాలక మొరాకో, జోర్డాన్ వంటి దేశములనుండి కొని తెచ్చుచున్నాము. పరిమితమైనదానిని ఇచ్చువాడు విచారింపక తప్పదు. భగవద్గీత పదునేడవ అధ్యాయములో సాత్త్వికదానమును వర్ణించుచు దేశమును, కాలమును, పాత్రమును మూడింటిని చెప్పినది. వానిలో పాత్రము కడపటిది. భాస్వరము విషయమున ఈ మూడును అక్షరాల నిజము. పైన చల్లిన ఎరువు పైమంటిలోనే బిగుసుకొనును, విత్తనపుసాలులో వేరు తాకు చోట పడినది పైరునకు చేరును: ఇది దేశము. లేతమొక్కకు తొలివారములలో దొరకని భాస్వరమును పిమ్మట ఎంత పోసినను ఆ లోటు పూడదు గనుకనే, భాస్వరపుటెరువునంతటిని ఆఖరి దుక్కిలోనే వేయుడని మన వ్యవసాయాధికారులు ఏటేట చెప్పుదురు: ఇది కాలము. ఈ రెండును సరిచూచిన పిమ్మటగాని వంగడమును నిందించు అధికారము ఎవనికిని లేదు. ఆ అధ్యాయమే తామసదానమును వర్ణించుచు దేశకాలములు తప్పినదానితోపాటు అవమానించి, తృణీకరించి ఇచ్చినదానిని కూడ అందు చేర్చినది. దాత చూపునందలి దోషము సహితము దానమును చెఱచునని దీని అర్థము.

అనుగ్రహవిషయమున శ్రీవైష్ణవులలో రెండు సంప్రదాయములు వాదించుకొన్న సంగతి తెలిసినదే. వేదాంతదేశికులను అనుసరించువారు తల్లికోతిని పిల్లకోతి గట్టిగ పట్టుకొనినట్లు జీవుడు భగవంతుని పట్టుకొనవలెననిరి. పిళ్ళై లోకాచార్యులను అనుసరించువారు తల్లిపిల్లి పిల్లను నోట కఱచుకొని పోవునట్లు భగవంతుడే జీవుని తీసికొనిపోవుననిరి. వేరు చుట్టును జరుగు మఱియొక వ్యాపారమును చూచినవాడు ఈ వాదమున ఏ పక్షమునకు ఒరగుటకును తడబడును. భూమిపై మొక్కలలో అధికభాగమునకు వేళ్ళయందు ఒక జాతి శిలీంధ్రములతో స్నేహము కలదు. (ఆవజాతి మొక్కలు మాత్రము ఈ స్నేహమును ఎఱుగవు.) వేరునకు అందని దూరములనుండి ఆ శిలీంధ్రపు దారములు భాస్వరమును తెచ్చియిచ్చును, మొక్క తాను చేసికొన్న ఆహారములో ఐదవ వంతువఱకు సహితము దానికి ఇచ్చును. నలుబది కోట్ల సంవత్సరముల నాటి శిలలలో ఈ స్నేహముయొక్క ఆనవాళ్ళు దొరకినవి. ఎరువు సమృద్ధిగ పడిన చేనిలో మొక్క ఈ స్నేహమును తగ్గించుకొనును. పట్టుకొన్నవాడెవడు, పట్టుబడినవాడెవడు?

పాత్రత లేనివానికి పాత్రతను కూడ భగవంతుడే ఇచ్చునని రెండవ సంప్రదాయమువారి విశ్వాసము. గోదావరి మండలమున మార్టేరులో పుట్టి, కాటన్‌దొర సన్నాలుగ రైతులు పిలుచుకొను ఎం.టి.యు. 1010 అను వరివంగడములోనికి కసలత్ యొక్క ఆ జన్యుభాగమును సంకరముచే చేర్చి, భాస్వరము తక్కువైన నేలలో అది మెఱుగైన వేళ్ళను, హెచ్చు దిగుబడిని ఇచ్చుటను రాజేంద్రనగరములోని వరి పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించిరి. లేని సామర్థ్యమును ఒకరినుండి ఒకరికి తేవచ్చునని ఇది చూపుచున్నది. తెచ్చుటకు అది ఎచటనో ఒకచోట నిలిచియుండవలెను గదా. పేదనేలలలో, పేదరైతుల గాదెలలో, ఎవ్వరును మెచ్చని కాలములో కసలత్ దానిని నిలిపెను.

ఒకని సుకృతము మఱియొకనియందు పండుటను మన తార్కికులు దోషముగ పరిగణింతురు. చేసినది చేసినవానికి నశించుటయు, చేయనిది చేయనివానికి సంప్రాప్తించుటయు కూడదని వారి నియమము. న్యాయము నిలుచుటకు ఆ నియమము అవసరమని నేనును ఒప్పుకొందును. అయినను కృష్ణాతీరమున అమరావతిలోను నాగార్జునకొండలోను స్తంభములను, ఫలకములను చేయించి యిచ్చిన ఉపాసకులు తమ దానఫలము సర్వలోకహితసుఖములకు అగుగాక యని రాతిపై చెక్కించిరి. వారికి ఆ నియమము తెలియక కాదు. మెట్టసీమలలో జొన్నసాళ్ళ నడుమ కందిసాలు వేయు రైతునకు వారి మాట వింతగ తోపదు. కంది విడిపించిన భాస్వరము దాని ఆకులోనికి ఎక్కి, ఆకు రాలి, కుళ్ళి, మంటిలో కలిసి మఱుసటి యేట జొన్నను చేరును. ఆమ్లమును స్రవించినది జొన్న కాదు, చక్కెరను వ్యయించినది జొన్న కాదు. తార్కికుని నియమమును ఈ చేనికి పట్టి చూచినపుడు తప్పు చేనియందున్నదని అనుటకు నాకు నోరు రాదు; కర్త యనువాడు చర్మముతో ఆగిపోవునని మనము తలచిన తలపునందే తప్పున్నదని తోచుచున్నది.